బోటి రసం, మైక్రోమీటరు

నల్లగొండలో డిగ్రీ చదివిన మా బ్యాచ్‌లో జువాలజీ ల్యాబ్ అనగానే చాలామందికి కప్ప గుర్తొస్తుంది. నాకైతే బోటి. శైలికలనే సన్నటి వెంట్రుకల్లాంటి వాటితో కదిలే ఏకకణ జీవులు సీలియేట్లు. మా పాఠాల్లో అవంటే పారమీసియమే. గొర్రె పొట్టలో ఉండేవాటిని చూపించాలన్నది మా సార్ సొంత పట్టుదల.

ఆదివారం పొద్దున్నే క్లాక్ టవర్ దగ్గరి మటన్ షాపుకు ఫ్లాస్కు ఇచ్చి పంపేవారు. "బోటి వద్దా? అండ్ల రసమే కావాల్నా?" అని భాయ్ నవ్వేవాడు. గొర్రె మొదటి పొట్టలో వేడి 39 డిగ్రీల దాకా ఉంటుంది. చల్లబడినా, గాలి తగిలినా ఈ జీవులు ఎక్కువసేపు బతకవు. అందుకే ఫ్లాస్కును వేడినీళ్ళతో కడిగి, రసాన్ని మూతి దాకా నింపించేవాళ్ళం. ఆ వాసన గురించి మా బెంచీ వాళ్ళను అడగండి!

ఒక్క చుక్క స్లైడు మీద వేస్తే పండగ ముందురోజు బస్టాండే. ఒళ్ళంతా శైలికలతో దూసుకుపోయేది ఐసోట్రైకా. నోటి దగ్గర మాత్రమే శైలికల కుచ్చు ఉంటే ఎంటోడీనియం, వీపు వైపు ఇంకో కుచ్చు కూడా ఉంటే డిప్లోడీనియం. 1843లోనే గ్రూబీ, డెలాఫాండ్ అనే శాస్త్రవేత్తలు వీటిని చూసి రాశారని సార్ చెబితే, ఇన్నేళ్ళూ మాకెవరూ చెప్పలేదేమని కోపం వచ్చింది.

ఉరికేవాటిని కొలవలేం కాబట్టి ఫార్మలిన్, మిథైల్ గ్రీన్ కలిపిన ద్రావణం వేసేవాళ్ళం. పెద్ద కేంద్రకం రంగు పట్టి స్పష్టంగా కనిపించేది. అసలు పని అప్పుడు మొదలు. కంటికటకంలోని గీతలకు సొంత విలువంటూ లేదు. వాటిని స్టేజి మైక్రోమీటరు అనే కొలత గీతల స్లైడుతో పోల్చాలి. అందులో మిల్లీమీటరును 100 భాగాలు చేస్తారు, అంటే ఒక్కో గీతకు 10 మైక్రాన్లు. మా మైక్రోస్కోపులో 40ఎక్స్ ఆబ్జెక్టివ్ (కింది కటకం) పెడితే కంటికటకం గీతలు 40, స్లైడు గీతలు 10 సరిగ్గా కలిసేవి. అంటే కంటికటకం గీత ఒక్కోటి 2.5 మైక్రాన్లు. 16 గీతల ఎంటోడీనియం 40 మైక్రాన్లన్నమాట. ఆబ్జెక్టివ్ మారిస్తే లెక్క మళ్ళీ మొదటినుంచి.

కొన్ని జీవుల వెనక కొసన ఉండే తోకముల్లును సార్ పొడవులో కలపనిచ్చేవారు కాదు. ముల్లును చూసి పేరు పెడితే అసలే ఒప్పుకునేవారు కాదు. ఒకే జాతిలో కొన్నిటికి పొడవాటి ముల్లు ఉంటుంది, కొన్నిటికి ఉండనే ఉండదు. "ముందు కొలువు, బొమ్మ గియ్యి, పేరు తర్వాత" అనేవారు.

అందుకే నా రికార్డులో సగం బొమ్మల కింద ఎంటోడీనియం లాంటి ప్రజాతి పేరే ఉంది, జాతి గడి ఖాళీ. పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఇదేంటని అడిగితే కొలతల పట్టిక చూపించాను. ఆయన పట్టిక వదిలేసి, గొర్రె రసం ఎక్కడ దొరికిందని అడిగారు. భాయ్ షాపు దారి చెప్పాను.