ఆట ఎనిమిది నిమిషాలు, మాట పాతిక నిమిషాలు

మా బడిలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ఆడే నాటకం 8 నిమిషాలకు మించేది కాదు. తెర పడ్డాక దాని గురించి కూర్చుని మాట్లాడుకోవడం మాత్రం 25 నిమిషాలు. తెలుగు మాస్టారు ఈ లెక్క ఎన్నడూ తప్పనివ్వలేదు. నాటకం నేర్పడమంటే వేషం కట్టించి వార్షికోత్సవంలో నిలబెట్టడమే అనుకునే రోజుల్లో ఆయన పెట్టిన పద్ధతి ఇది. ఇవాళ విజయనగరం చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెబుతున్న మన పాత విద్యార్థులకు అక్కరకొస్తుందని వివరంగా రాస్తున్నాను.

జట్టుకు ఆరుగురు, నాటకానికి ఎనిమిది పీరియడ్లు. కథ తెలిసిన ఇంట్లోంచే రావాలి. ఏడో తరగతి చదివే పిల్లని బడి మాన్పించి తమతో పాటు వలస తీసుకుపోదామనుకునే ఇల్లు ఉందనుకోండి. అమ్మ, నాన్న, పిల్ల, మామ్మ, పక్కింటావిడ, టీచరమ్మ: ఆరు వేషాలు సరిపోయాయి. మొదటి పీరియడ్‌లో కాగితం, పెన్ను ఉండవు. కథ చెప్పి, మీ మాటల్లో ఆడండి అంటారు. మొదట్లో అందరూ పాఠ్యపుస్తకంలా మాట్లాడతారు: "అమ్మా, నేను విద్యను అభ్యసించదలచాను." ఇంట్లో ఎలా అంటారో అలా అనమంటే రెండోసారికి అసలు మాట వస్తుంది: "పిల్లని కూడా అట్టుకెల్లిపోతావేటమ్మా?" ఇంటి మాట రంగం మీద నిలుస్తుందని 1892లో కన్యాశుల్కం ఆడి చూపించిన ఊరు మనది. మన పిల్లల నోట ఆ మాటను మనమే దిద్దేయకూడదు.

రెండోసారి ఆడేటప్పుడు ఒకరు మాటలు రాసుకుంటారు. మాస్టారు వాటిని కత్తిరించి, ఒక్కో మాటను పది పన్నెండు పదాల లోపు ఉంచుతారు. ముందే రాసిన కాగితం చేతికిస్తే పిల్లలు దాన్ని పద్యంలా బట్టీ పడతారు. ఒకరు మరిచిపోతే ఆరుగురూ ఆగిపోతారు. కథ ముందు తెలిసినవాళ్లు ఏదో ఒక మాట అందించి నడిపించేస్తారు.

తర్వాత స్టాచ్యూ. పిల్లలకు తెలిసిన ఆటే. కథలో మూడు చోట్ల, అంటే మొదట, ముడిపడిన చోట, చివర కదలకుండా నిలబడాలి. చూసేవాళ్లు ఎవరు ఎవరో, ఎవరికి ఎవరి మీద కోపమో చెప్పాలి. చెప్పలేకపోతే నిలబడిన తీరు మార్చాలి. ఈ ఒక్క పీరియడ్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని బాధను చాలావరకు తీర్చేస్తుంది.

నేల మీద సుద్దముక్కతో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గీసి తొమ్మిది గళ్లు చేస్తారు. ఎవరు ఏ మాట దగ్గర ఏ గడిలో ఉండాలో ముందే అనుకుంటారు. లేకపోతే ఇద్దరు మాట్లాడుకునే చోట ఒకరికొకరు పూర్తిగా తిరిగిపోతారు, చూసేవాళ్లకు చెవులు, జడలే మిగులుతాయి.

గొంతు దగ్గర తెలుగులో చిక్కు ఒకటుంది. మన వాక్యానికి ప్రాణం చివరి మాటలో ఉంటుంది. "పిల్లని బడికి పంపుతాను", "పిల్లని బడికి పంపను": తేడా అంతా ఆ చివరి ముక్కలోనే. పిల్లలు వాక్యం మొదట్లో గట్టిగా ఎత్తుకుని, ఊపిరి చాలక, సరిగ్గా అక్కడే గొంతు దించేస్తారు. కథ తిరిగే మాటే వినపడదు. గట్టిగా అరవమంటే ఇది పోదు. వాక్యానికి ముందు ఊపిరి తీసుకోవడం, క్రియ మీద వేలితో తొడ మీద ఒక దెబ్బ వేసుకోవడం సాధన చేయించాలి. 30 అడుగుల దూరంలో ఒకరిని అటు తిరిగి కూర్చోబెట్టాలి. చివరి మాట వినపడకపోతే వాళ్లు చెయ్యెత్తుతారు, ఆ వాక్యం మళ్లీ చెప్పాలి.

రంగం మారడానికి తెర అక్కర్లేదు. తప్పెట్లు మోగిస్తూ ఆడే తప్పెటగుళ్లు విన్న చెవులు కదా, స్టీలు పళ్లెం మీద ఎనిమిది దెబ్బలు చాలు. సామాను రెండే: తువ్వాలు, సంచి. అవి ఆఖరి రోజు ఇస్తే పిల్లలు వాటితోనే కుస్తీ పడతారు గనక కనీసం రెండు సాధనలు వాటితోనే జరగాలి. వార్షికోత్సవానికి స్టాండు మైకులు పెడతారని తెలిస్తే, సాధనలో ఆ చోట్ల వెదురు కర్రలు పాతాలి. అలా చేయకపోతే ఆ రోజు అందరూ మైకు దగ్గరకు నడిచొచ్చి, మాట చెప్పి, వెనక్కి పోతారు.

ఇక మాట్లాడుకోవడం. ఆడిన రోజునే, ఆ పీరియడ్‌లోనే జరగాలి. మర్నాటికి పిల్లలకు చప్పట్లే గుర్తుంటాయి. ముందు మంచినీళ్లు తాగి, తువ్వాలు మడతపెట్టి, ఒక్కొక్కరూ తమ సొంత పేరు చెప్పుకుని వేషంలోంచి బయటికి రావాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ వదిలేస్తే, తాగుబోతు నాన్న వేషం వేసిన పిల్లవాణ్ని నెల్లాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. మళ్లీ వాడు వేషం కట్టడు.

ఆ పాతిక నిమిషాలూ "బాగుంది" అనే మాటకు సెలవు. చూసినవాళ్లు ముందు ఇద్దరిద్దరుగా రెండు నిమిషాలు మాట్లాడుకుని, తర్వాత పక్కవాళ్లు చెప్పింది తరగతికి చెప్పాలి. నలుగురిలో నోరు మెదపని పిల్లలు పక్కవాళ్లకైతే చెబుతారు. మొదటి ప్రశ్న "ఏం చూశావు?" మాత్రమే. "అమ్మ నాన్న వైపు ఒక్కసారీ చూడలేదు" అంటే చాలు. అలా ఎందుకు చేసిందన్నది రెండో ప్రశ్న. ఏది మారిస్తే ఏమవుతుందన్నది మూడోది. ఆడినవాళ్లు ఆ తర్వాత మాట్లాడతారు, మాస్టారు అందరికన్నా చివర. ఆయన ముందు నోరు తెరిస్తే తరగతంతా అదే మాట తిప్పి తిప్పి చెబుతుంది. "ఇందులో నీతి ఏమిటి?" అని అడగనే కూడదు. ఆడపిల్లని చదివించాలని ఒకరు అంటారు, అందరూ ఔనంటారు, అక్కడితో సరి. ఆ మాట నాటకానికి ముందూ వాళ్లకు తెలుసు.

కావాలంటే మామ్మ మళ్లీ తువ్వాలు కప్పుకుని స్టూలు మీద కూర్చుంటుంది. "మామ్మా, పొద్దున్న తీసికెల్లిపొమ్మన్నావు, సాయంత్రం వద్దన్నావు. మధ్యలో ఏటైంది?" అని తరగతి అడుగుతుంది. వేషం వేసిన పిల్ల తడబడిందంటే ఆ మార్పుకు నాటకంలో కారణం పెట్టలేదన్నమాట. తప్పు ఆ పిల్లది కాదు, కథ అల్లిన ఆరుగురిదీ.

వచ్చిన సలహాల్లో ఒక్కటే ఎంచుకుని, ఆ ఒక్క నిమిషం ముక్క అక్కడికక్కడే మళ్లీ ఆడాలి. నాలుగైదు మార్పులు ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో తెలియదు. తర్వాత నాటకం నోట్సులో తేదీ వేసి మూడు వాక్యాలు: నేను చేసింది, నేను చూసింది, మళ్లీ ఆడినప్పుడు మారింది. అక్షరదోషాలకు ఎర్ర సిరా పెట్టరు. వచ్చే నాటకం మొదటి పీరియడ్‌లో ఎవరి మూడో వాక్యం వాళ్లు పైకి చదువుతారు, జట్లు కట్టేది ఆ తర్వాతే.