టెర్మినేటర్ 2 మళ్లీ చూశాను

1991లో వచ్చిన సినిమా, రాత్రి చూస్తుంటే ఇప్పటికీ టెన్షన్ తగ్గలేదు. ఆసుపత్రిలో ఆ ద్రవలోహపు విలన్ రోబో ఇనుప ఊచల్లోంచి నీళ్లలా జారి వచ్చేస్తాడు. చేతిలోని తుపాకీ మాత్రం ఊచలకు టక్కున తగిలి ఆగుతుంది. మణికట్టు కాస్త తిప్పి లాక్కుంటాడు. ఆ చిన్న చప్పుడు కోసమే సీన్ వెనక్కి తిప్పి మళ్లీ చూశాను! అంతా కంప్యూటర్ మాయ అనుకుంటాం గానీ, చాలా షాట్లలో ఉన్నవి స్టాన్ విన్‌స్టన్ బృందం చేతులతో చేసిన బొమ్మలే.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టం సారాగా చేసిన లిండా హామిల్టన్. మంచాన్ని నిలబెట్టి పుల్లప్స్ తీసే సారా, లిఫ్ట్‌లోంచి ష్వార్జ్‌నెగర్ బయటికి రాగానే కాళ్లు జారి నేలమీద పడిపోతుంది. మొదటి భాగంలో అదే రూపంలోని రోబో తనను వేటాడిన భయమంతా సారా ముఖంలోకి ఒక్కసారిగా వచ్చేస్తుంది. అలా రాసి, తీసినందుకు కామెరాన్‌కి దండం పెట్టాలనిపిస్తుంది.