వైద్యం చేసే చేతికే టెన్నిస్ ఎల్బో

నేను ఫిజియోథెరపిస్టుని. అందులోనూ మాన్యువల్ థెరపీ. రోజంతా ఎవరివో భుజాలు, నడుములు, మెడలు నొక్కడం, కదపడం, సాగదీయడం. చేతిలో పట్టు లేకపోతే నాకు పనే లేదు. అలాంటిది కుడి మోచేతి బయటివైపు, ఎముక బుడిపె దగ్గర నొప్పి పట్టుకుంది.

మొదట్లో సాయంత్రమయ్యేసరికి కాస్త లాగినట్టుండేది, అంతే. పోనుపోనూ సీసా మూత తిప్పినా, తడిబట్ట పిండినా చురుక్కుమనడం మొదలైంది. మోచెయ్యి మడిచి సంచీ ఎత్తితే ఫరవాలేదు, చెయ్యి చాచి ఎత్తానో చుక్కలు కనిపించేవి. ఎవరైనా షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే ఎడమ చెయ్యి ముందుకొచ్చేది.

మాతో పనిచేసే సీనియర్ ఒకావిడకు చూపించాను. మెడ నుంచి దిగుతున్న నొప్పేమోనని ముందు మెడ పరీక్షించింది. తర్వాత చెయ్యి చాపించి, మధ్యవేలు పైకి లేపి ఉంచమని, దాన్ని కిందికి నొక్కింది. చటుక్కున చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను. "ఇంకే పరీక్షా అక్కర్లేదులే" అంది. టెన్నిస్ ఎల్బో. నేను పుట్టి బుద్ధెరిగి టెన్నిస్ రాకెట్ పట్టింది లేదు. ఈ నొప్పితో మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందీ అంతే.

మణికట్టును పైకి లేపే కండరాల్లో ఒకదాని టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం, సరిగ్గా ఆ బుడిపె దగ్గరే మొదలవుతుంది. పిడికిలి బిగించినప్పుడు మణికట్టు కిందికి వాలిపోకుండా ఆపే కండరాల్లో అదీ ఒకటి. అందుకే పెన్ను పట్టుకున్నా, పేషెంటు భుజం పట్టుకున్నా దానికి పని తప్పదు. ఇది ఒట్టి వాపు నొప్పి కాదన్న సంగతి ఈనాటిది కాదు. 1979లో నెర్షల్, పెట్రోన్ అనే ఇద్దరు డాక్టర్లు ఆపరేషన్ చేసిన మోచేతుల్లో టెండన్‌ను పరిశీలించారు. వరుసగా ఉండాల్సిన పోగుల మధ్యకు ఇంకా పక్వం కాని కణాలు, రక్తనాళాలు చొచ్చుకొచ్చి కనిపించాయి. ఇదంతా పేషెంట్లకు వివరిస్తూనే ఉంటాను. అది నా మోచేతిలోనే జరుగుతోందనుకుంటే మాత్రం రాత్రిళ్లు టెన్షన్‌గా ఉండేది.

తెలిసిన డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. రెండు వారాల్లో తేలికవుతుంది, పనికి ఆటంకం ఉండదు అన్నారు. ఆశ పుట్టలేదంటే అబద్ధమే. కానీ 2013లో ఆస్ట్రేలియాలో 165 మందితో చేసిన అధ్యయనం నా బుర్రలోంచి పోదు. స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లకు మొదటి వారాల్లో బాగానే తగ్గింది. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 54 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో తిరగబెట్టింది 12 శాతానికే. మా వృత్తివాళ్లం ఈ లెక్క చెప్పి మురిసిపోతాం గానీ, ఏడాది చివరికి ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లకూ చేయించుకోనివాళ్లకూ పెద్ద తేడా లేదని కూడా అందులోనే ఉంది. ఆ ముక్క అంత గట్టిగా చెప్పం.

నేను ఇంజెక్షన్ వద్దనుకుని టేబుల్ మీద పడుకున్నాను. న్యూజిలాండ్‌కు చెందిన ఫిజియోథెరపిస్టు బ్రయన్ మల్లిగన్ పద్ధతి ఒకటుంది. సీనియర్ ఒక చేత్తో నా మోచేతికి కాస్త పైన బయటివైపు నుంచి ఆన్చి కదలకుండా పట్టుకుంది. రెండో చేత్తో ముంజేతిని, మోచేతికి కాస్త దిగువన, లోపలివైపు నుంచి బయటికి నెట్టింది. "ఇప్పుడు పిడికిలి బిగించు, నొప్పి మొదలవగానే ఆపెయ్" అంది. బిగించాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు. నొప్పి రాలేదు మరి! గ్రిప్ కొలిచే మీటర్‌లో ముల్లు అంతకుముందు ఆగినచోటు దాటి ముందుకెళ్లింది. ఇది వందలమందికి చేసినదాన్నే, అయినా కళ్లు చెమర్చాయి.

సాయంత్రానికి ఆ తేలికదనం పోయింది. పోతుందనీ తెలుసు. నిమిషంపాటు నెట్టినంత మాత్రాన టెండన్ పోగులు బాగైపోవు. ఆ ఒత్తిడికి నరాల వ్యవస్థ నొప్పిని కాసేపు తగ్గించి చూపిస్తుంది. ఆ కాసేపట్లోనే టెండన్ చేత పని చేయించాలి.

అసలు విసుగంతా అక్కడే. టేబుల్ మీద ముంజెయ్యి ఆన్చి, అరచెయ్యి కిందికి పెట్టి, మణికట్టు అంచు దాటి బయటికి ఉండేలా కూర్చోవాలి. చిన్న డంబెల్ పట్టుకుని కదపకుండా అలాగే ఉంచాలి. అది అలవాటయ్యాక, నెమ్మదిగా పైకి, ఇంకా నెమ్మదిగా కిందికి. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా కంగారుపడక్కర్లేదు. మర్నాడు పొద్దున్న ఎలా ఉందన్నదే లెక్క. టెండన్ అప్పటికప్పుడు మొరపెట్టుకోదు, ఒక రోజు ఆగి చెబుతుంది. పొద్దున్న పిడికిలి మామూలుగా బిగించగలిగితే ఆ బరువు సరిపోయిందని, చెయ్యి బిగుసుకుపోయి ఉంటే తగ్గించాలని అర్థం. క్లినిక్‌లో పని ఎక్కువైన మర్నాడు కూడా చెయ్యి బిగుసుకునేది, వ్యాయామం తప్పేమీ లేకపోయినా.

"ఇంకెన్నాళ్లు పడుతుంది?" అని సీనియర్‌ను అడిగాను. "నువ్వేం చెబుతావు మీ పేషెంట్లకి?" అంది. నెలలు అని చెబుతాను. చెప్పడం తేలికే.

పని మానలేదు, పద్ధతి మార్చాను. టేబుల్ ఎత్తు తగ్గించి చేతి బలం బదులు ఒంటి బరువు వాడటం, బొటనవేళ్ల బదులు ముంజేత్తో నొక్కడం, మోచెయ్యి కాస్త మడిచి ఉంచడం. ముంజేతికి పట్టీ క్లినిక్‌లో ఉన్నంతసేపే కట్టుకునేదాన్ని.

మొదటి నెలల్లో మీటర్ ముల్లు ఒక వారం పెరిగితే ఇంకో వారం వెనక్కి వచ్చేది. తర్వాత వెనక్కి రావడం తగ్గింది. ఇప్పుడు రెండు చేతుల పట్టూ దాదాపు సమానం. బుడిపె మీద గట్టిగా నొక్కితే ఇంకా కాస్త నొప్పి ఉంది. అందుకని నొక్కి చూసుకోవడం మానేశాను, డంబెల్ మాత్రం మానలేదు. మొదటికన్నా చాలా బరువైనదే ఎత్తుతున్నాను.