మన మీద మనకే ఎందుకంత కోపం?

బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీలో పక్క రూమ్ అమ్మాయికి జాబ్ రిజెక్షన్ వస్తే మా రూమ్మేట్ గంటసేపు కూర్చుని ధైర్యం చెప్పింది. "పోతే పోయిందిలేవే, వాళ్లకే నష్టం" అంది. తర్వాత మా రూమ్మేట్ ఇంటర్వ్యూ కూడా పోయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "నాలాంటి దద్దమ్మకి ఎవడిస్తాడు ఉద్యోగం" అని ఒకటే గొడవ. ఇంత దయగల మనిషికి తన దగ్గరికొచ్చేసరికి ఏమైందో!

సెల్ఫ్ లవ్ అంటే ఫేస్ ప్యాకులు, సోలో ట్రిప్పులు అంటుంది ఇన్‌స్టా. మా అమ్మకైతే అది శుద్ధ స్వార్థం. క్రిస్టిన్ నెఫ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ మాత్రం మన మీద మనకుండే దయను కొలవడానికి 2003లో 26 వాక్యాల స్కేల్ ఒకటి ప్రచురించారు. అందులో దయకి ఎదురుగా నిలబెట్టినవి స్వార్థమో అహంకారమో కాదు. మనల్ని మనం తిట్టుకోవడం, ఆ బాధలోనే కూరుకుపోవడం, ఈ కష్టం నా ఒక్కదానికే వచ్చిందనుకోవడం.

నన్నడిగితే ఆ చివరిదే అసలు విషం, అందులోనూ బెంగళూరులో. ఇక్కడ ఎవరి ప్యాకేజీ ఎంతో అందరికీ తెలుసు, ఎవరికి ఎన్ని రిజెక్షన్లో ఎవరికీ తెలీదు. ఇంటికి ఫోన్ చేస్తే "అంతా బానే ఉందమ్మా". అవతల గోడకి ఆనుకుని ఇంకో అమ్మాయి కూడా అదే అబద్ధం చెబుతుంటుంది.

ఈమధ్య మా ఫ్లోర్‌లో కొత్త అలవాటు మొదలైంది. డిన్నర్ దగ్గర రిజెక్షన్ మెయిళ్లు పైకి చదువుకుంటున్నాం. తిట్లన్నీ హెచ్‌ఆర్‌లకే.