మా గుమ్మానికి అడ్డంగా కూర్చున్న మనిషిని పంపిందెవరు?

2023 జూన్‌లో నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడింది. పర్సనల్ లోన్‌కి వరసగా మూడు ఈఎంఐలు కట్టలేకపోయాను. అప్పు నాదే, కాదనను. కానీ బ్యాంకు తరఫున వసూలుకి వచ్చే ఏజెంట్లు విజయవాడలో ఉన్న నన్ను వదిలేసి, తెనాలి దగ్గర పల్లెలో ఒంటరిగా ఉండే మా అమ్మ మీదకి వెళ్ళారు.

అమ్మ అరుగు మీద చేట పెట్టుకుని బియ్యంలో వడ్లగింజలు ఏరుతోందట. బండి మీద ఇద్దరొచ్చారు. ఒకడు కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "మీ అబ్బాయి కట్టేదాకా కదలను" అని వీధంతా వినేట్టు అరిచాడు. ఎదురింటి పిన్ని వచ్చి "ఏ బ్యాంకు బాబూ, కార్డు చూపించు" అంటే ఫోన్‌లో ఏదో లిస్టు చూపించాడు. కార్డు లేదు, కాగితం లేదు. ఆ రాత్రి 9:40కి నాకు ఫోన్. ఆ మాటలు ఇక్కడ రాయలేను. తర్వాత చాలా రోజులు అమ్మ పగటిపూట కూడా గడియ వేసుకునే ఉంది.

బ్రాంచికి వెళ్తే మేనేజర్ గారు, "వాళ్ళు మా స్టాఫ్ కాదండీ, ఏజెన్సీ మనుషులు. వాళ్ళతోనే మాట్లాడుకోండి" అన్నారు. ఏజెన్సీకి చేస్తే, "బ్యాంకు ఇచ్చిన లిస్టు ప్రకారమే వెళ్తాం" అన్నారు.

మా మామయ్య బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. విషయం చెప్పగానే, "కమీషన్ ఇచ్చి పంపేదెవర్రా? బాధ్యత కూడా వాళ్ళదే. నోటితో అడక్కు, కాగితం మీద పెట్టు" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. ఏజెంట్లు చేసే పనులకు బాధ్యత వాళ్ళని పెట్టుకున్న బ్యాంకుదేనని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టు 12న మళ్ళీ గట్టిగా చెప్పింది. వసూలు కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 దాటాక ఫోన్ చేయకూడదు. నలుగురిలో పరువు తీయకూడదు, ఇంట్లోవాళ్ళ జోలికి వెళ్ళకూడదు. బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు ఏజెంటు దగ్గర ఉండాలని 2008 నుంచే ఉంది. అంతకుముందు 2007లోనే, ప్రకాశ్ కౌర్ కేసులో, బ్యాంకులు గూండాలను పెట్టి వసూలు చేయడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ చదివాకే నాకు కాస్త ధైర్యం వచ్చింది. అప్పటిదాకా బాకీ ఉన్నవాడికి నోరెత్తే హక్కు లేదనే అనుకున్నాను.

బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టాను. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు, తేదీలు, టైములు, పిన్ని సంతకంతో ఒక స్టేట్‌మెంటు జత చేశాను. ఏజెంటు అలా మాట్లాడాడని రుజువేంటని అడుగుతారని తెలుసు కాబట్టి, "మీ తరఫున చేసిన కాల్స్ రికార్డింగులు మీరే తెప్పించండి" అని కూడా రాశాను. 30 రోజులు గడిచినా జవాబు రాలేదు. జవాబు రాకపోతే, ఆ గడువు దాటాకే అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. రిజర్వ్ బ్యాంకు హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేసి వివరాలు తెలుగులోనే అడిగి తెలుసుకుని, వాళ్ళ ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు వేశాను. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. నేను వేసింది 2021 అంబుడ్స్‌మన్ స్కీము కింద. అందులో మానసిక వేధింపుకి లక్ష రూపాయల దాకా పరిహారం ఇప్పించే వీలుండేది.

అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి నోటీసు వెళ్ళాక బ్యాంకు స్వరమే మారిపోయింది. ఏజెన్సీ అన్న మాటే ఎత్తలేదు. నా ఫైలు ఏజెన్సీ నుంచి వెనక్కి తీసుకున్నారు, ఈఎంఐ తగ్గించి గడువు పెంచారు. పరిహారంగా 15 వేలు ఇస్తామంటే సరేనన్నాను. కానీ నేను పట్టుబట్టింది ఒక్కదానికే: క్షమాపణ ఉత్తరం నా పేరు మీద కాదు, మా అమ్మ పేరు మీద రావాలని. దానికి మాత్రం ఇంకో మూడు వారాలు తిప్పించారు.

ఉత్తరం పోస్టులో వచ్చిన రోజు అమ్మ నాకు ఫోన్ చేసి, "ఇంగ్లీషులో ఉందిరా, ఏం రాశారు?" అంది. శనివారం ఊరెళ్ళి చదివి, తెలుగులో చెప్పాను. మళ్ళీ చదవమంది. ఈసారి పిన్నిని కూడా పిలిచింది.