స్కిజోఫ్రీనియా మందులు: టేపు, తూకం, మతిమరుపు

భ్రమలు, లేని మాటలు వినిపించడం ఉండే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా. దానికిచ్చే మందుల్లో ఒలాంజపిన్, క్లోజపిన్‌లతో బరువు బాగా పెరుగుతుంది. రిస్పెరిడోన్‌తో ఓ మోస్తరుగా, అరిపిప్రజోల్‌తో తక్కువగా. మొదటి రెండు మందులూ మెదడులో హిస్టమిన్, సెరటోనిన్ అనే రసాయనాలను అందుకునే గ్రాహకాలను అడ్డుకుంటాయి కాబట్టి అన్నం తిన్నా ఆకలి తీరినట్టుండదు. దాన్ని తిండిపోతుతనం అనడం అన్యాయం.

మందు మొదలుపెట్టే రోజే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగరు, కొలెస్టరాల్ రాసిపెట్టుకోవాలి. బరువు మళ్ళీ 4, 8, 12 వారాలకు చూడాలి, తర్వాత మూడు నెలలకోసారి. 60 కిలోల మనిషి 63 దాటితే, అంటే 5 శాతం పెరిగితే, డాక్టరుతో మందు మార్పు గురించి మాట్లాడే సమయం వచ్చినట్టే. నడుమును ప్యాంటు సైజుతో లెక్కేయకండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. మనవాళ్ళలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు.

ఇక మతిమరుపు. ఏకాగ్రత, పనిజ్ఞాపకం (చేస్తున్న పనికి కావలసినవి కాసేపు గుర్తుంచుకోవడం), ఆలోచన వేగం తగ్గడం జబ్బులోనే ఉంది. చాలామందిలో మందులకు ముందే మొదలవుతుంది. షుగరు, బీపీ, ఊబకాయం ఉన్నవారిలో అది ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తుంది. అయితే బరువే కారణమని తేల్చేయలేం. ఈ మందులతో వచ్చే వణుకు తగ్గడానికిచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ కూడా జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది. ఏళ్ళ తరబడి చీటీలో అలాగే కొనసాగుతుంటే, ఇంకా అవసరమా అని అడగండి.

ఆడవారిలో రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచి నెలసరి ఆపేయవచ్చు. అడిగితే తప్ప చాలామంది చెప్పరు.