చెరువు చూసి చెప్పాలె

ఫిబ్రవరి, ఆదివారం. ఖానాపురం.

పొద్దున ఏడింటికే లాప్‌టాప్ ముందు కూర్చున్నా. ఇంటికొస్తే పని సాగదని హాస్టల్లో అందరూ అన్నారు కానీ, ఇక్కడి పొద్దటి పూట నాకు ఇంకెక్కడా దొరకదు. బాపు తెల్లారకముందే పొలానికి పోయాడు. అమ్మ వాకిలి ఊడుస్తున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఎన్జీసీ 3741 అనే చిన్న గెలాక్సీ డేటా శుభ్రం చేస్తున్నా. పుణె దగ్గర ఖొడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు పాత డేటా. అక్కడ 30 డిష్‌లు, ఒక్కోటి 45 మీటర్ల వెడల్పు. ఏ రెండింటిని కలిపినా ఒక జత, అట్లా 435 జతలు. ఒక్కో జత ఇచ్చిన గీతను తెరిచి చూడాలి. పడమటి వరసలో ఒక డిష్ గంటసేపు పిచ్చి అంకెలు ఇచ్చింది. ఆ ఒక్కదాన్ని తీసేస్తే ఆ గంటకు 29 జతలు పోతాయి. తీసేయడానికి మనసొప్పలేదు. రెండుసార్లు చూసి, మూడోసారి తీసేశా.

నేను వెతుకుతున్నది తటస్థ హైడ్రోజన్. దాని పరమాణువులో ఎలక్ట్రాన్ స్పిన్, అంటే బొంగరం తిరుగుడు లాంటి గుణం, తిరగబడితే 21 సెంటీమీటర్ల రేడియో తరంగం వస్తుంది, 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర. ఈ గెలాక్సీ సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో మన నుంచి దూరం జరుగుతోంది కాబట్టి మనకు 1419.3 దగ్గర వినిపిస్తుంది. ఒక పరమాణువు తనంతట తాను తిరగబడాలంటే సగటున కోటి ఏళ్లు పైనే పడుతుంది. ఆ గెలాక్సీ ఉన్నది కూడా దాదాపు కోటి కాంతి సంవత్సరాల దూరంలోనే. ఇవి రెండూ ఒకటే లెక్క కావడానికి కారణమేం లేదు. అయినా ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఒక నిమిషం పని ఆపేస్తా.

పదకొండింటికి బాపు వచ్చాడు. కాళ్లు కడుక్కుని, చాయ్ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

“ఏం బిడ్డా, పొద్దటి సంది గా గీతలేనా?”

మామూలు టెలిస్కోపుతో తీసిన ఫొటో చూపించా. నల్లటి తెర మీద ఒక మసక మచ్చ. “గింతేనా?” అన్నాడు. దాని పక్కనే 2005లో అచ్చయిన హైడ్రోజన్ పటం తెరిచా. ఇదే జీఎంఆర్‌టీతో గీసింది. కనిపించే భాగానికి ఎనిమిది రెట్లకు పైగా దూరం దాకా వాయువు పరుచుకుని ఉంది. నక్షత్రాలేమో నడుమ ఇంత చోట్లోనే. బాపు చాయ్ తాగడం ఆపి రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

“నక్షత్రాలు పుట్టేది ఈ వాయువుతోనే బాపు. ఇది చెరువు లెక్క, నక్షత్రాలు పంట లెక్క.”

“మరి పొలం జూసి నీళ్లెన్నున్నయో ఎవలన్న జెప్తరా? చెరువు జూసి చెప్పాలె.”

ఆకాశంలో హైడ్రోజన్ వెతికే మా సర్వేలన్నీ చేసేది అదే. ఈ మాట ఇంత సూటిగా నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. మా పొలం పాఖాల ఆయకట్టులోనే. యాసంగికి ఎంత నాటేయాలో కట్ట మీద నిలబడి నీళ్లు చూసే తేల్చుకుంటారు. కాకతీయుల నాటి చెరువు మరి, దాని మీద నమ్మకం అట్లాంటిది.

తర్వాత బాపు అడిగిందే అసలు ప్రశ్న. “గంత నీళ్లుంటే పంటెందుకు లేదు? కాలువ తెగిందా?”

తెగలేదు, వాయువు మరీ పలచగా ఉంది అని చెప్పా. అది ఒకచోట చిక్కబడాలి, చల్లబడాలి, పరమాణువులు జతకట్టి అణువులు కావాలి. అప్పుడే నక్షత్రం పుడుతుంది. అంచుల్లో అట్లా జరగదు. “శిఖంల పలచగ పారిన నీళ్ల లెక్కనా? తూము దాకా ఎక్కయి” అన్నాడు. శిఖం అంటే చెరువు లోపలి నేల. అవును, దాదాపు అంతే.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మూడు గంటలుగా నడుస్తున్న ఇమేజింగ్, అంటే ఆ గీతల నుంచి బొమ్మ తయారయ్యే పని, సగంలో ఆగిపోయింది. ఏడుపొచ్చింది. అమ్మ ఏం అడగకుండా సర్వపిండి ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. సాయంత్రం పక్కింట్లో ఇన్వర్టర్‌కు వైరు లాగి మళ్లీ మొదలుపెట్టా. ఈసారి ముందుగా దగ్గర దగ్గర డిష్‌ల జతలకే ఎక్కువ విలువ ఇచ్చా. నడుమ ఒక కిలోమీటరు మేరలో 14 డిష్‌లు గుంపుగా ఉంటాయి. పలచటి, విశాలమైన వాయువు వాటికే బాగా దొరుకుతుంది. పొడవాటి జతలతో సన్నటి వివరం వస్తుంది కానీ ఈ అంచు జారిపోతుంది.

రాత్రి పదింటికి బయట మంచం వేసుకున్నా. ఈశాన్యాన సప్తర్షులు పైకొచ్చాయి. నా గెలాక్సీ ఆ దిక్కే, కంటికి ఆనదు. మూడింటికి మా నీళ్ల వంతు. బాపు టార్చిలైటు చార్జింగుకు పెట్టి పడుకున్నాడు. లోపల తెర మీద ఇప్పుడే ఒక్కో చానల్, అంటే ఒక్కో సన్నటి ఫ్రీక్వెన్సీ ముక్కకు ఒక్కో బొమ్మ, తేలుతోంది. మొదటి నాలుగింట్లో వట్టి గరగర. ఐదో దాంట్లో, ఫొటోలో మచ్చ ఉన్న చోటికి బాగా ఎడంగా, సన్నగా ఏదో ఉంది. బాపు లేచినప్పుడు చూపిస్తా.